డెస్క్‌టాప్‌లో వాట్సాప్ ‘కనెక్టింగ్’ దగ్గరే ఆగిపోతోంది, ఫోన్‌లో మాత్రం బాగుంది

#1 · తణుకు_ఇల్లు · ఆదివారం సా. 6:40

అందరికీ నమస్కారం. ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది. 2017లో కొన్నది, విండోస్ 10. అందులో వాట్సాప్ శుక్రవారం దాకా బాగానే నడిచింది. నిన్న పొద్దున్నుంచి తెరిస్తే ‘కనెక్టింగ్’ అంటూ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పాత మెసేజ్‌లు కనబడుతున్నాయి, కొత్తది ఒక్కటీ రావట్లేదు. ఏదైనా పంపితే పక్కన గడియారం బొమ్మ పడి అలాగే ఉండిపోతోంది, ఒక్క టిక్కు కూడా పడదు. అదే వైఫై మీద ఫోన్‌లో వాట్సాప్ చక్కగా వస్తోంది. రూటర్ ఆపి వేశాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. మార్పు లేదు. ఎక్కడ చూడమంటారు?

#2 · కృష్ణలంక_కుర్రాడు · ఆదివారం సా. 6:52

తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి అక్కా. డేటా ఏమీ పోదు, అంతా ఫోన్‌లో ఉంటుంది.

#3 · పాత_పెంటియం · ఆదివారం సా. 7:05

ఫైర్‌వాల్ ఆపి చూడండి. యాంటీవైరస్ ఉంటే దాన్ని కూడా.

#4 · కాఫీ_కప్పు · ఆదివారం సా. 7:20

ఏదో గ్రూపులో తెలుగు అక్షరం ఒకటి వస్తే మెసేజింగ్ యాప్‌లు కూలిపోతాయని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. మీ గ్రూపుల్లోకి అలాంటిది వచ్చిందేమో చూసుకోండి.

#5 · తణుకు_ఇల్లు · ఆదివారం రా. 8:10

తీసేశాను. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా తెరుచుకోవట్లేదు, మళ్లీ వేద్దామంటే దారి లేదు. బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ ప్రయత్నిస్తే స్కాన్ చేసే చదరమే రాలేదు. ఫైర్‌వాల్ ఆపినా అంతే. రేపు పిల్లల స్కూల్ వాళ్లకు కొన్ని ఫైళ్లు పంపాలి, అవన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

#6 · నెట్‌వర్క్_నాగమణి · ఆదివారం రా. 8:24

ఇక్కడితో ఆపండి. ఇంకేదీ తీసేయొద్దు. ముందు ఆ ఫైర్‌వాల్, యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసేయండి.

వాట్సాప్ రాలేదు, స్టోరూ రాలేదు. వేర్వేరు కంపెనీల సర్వర్లు ఒకేసారి మీ ఒక్కరికే పడిపోవు కదా. ఫోన్ అదే వైఫై మీద నడుస్తోంది కాబట్టి లైన్‌లో లోపం లేదు. ఇక మిగిలింది ఆ కంప్యూటరే. నాకు మూడు విషయాలు చెప్పండి. తెర మీద కుడి పక్క కింది మూల టైమ్, తారీఖు ఎంత చూపిస్తోంది? బ్రౌజర్‌లో ఏ బ్యాంకు సైటో, మెయిలో తెరిస్తే ఏమంటోంది? శుక్రవారం రాత్రికీ శనివారం పొద్దుటికీ మధ్య ఇంట్లో ఏం జరిగింది, కరెంటు పోయిందా, కంప్యూటర్‌ని జరిపారా?

#7 · తణుకు_ఇల్లు · ఆదివారం రా. 8:37

మూలన 12:27 ఏఎమ్, 01-01-2017 అని ఉంది. దీన్ని అసలు గమనించలేదు. బ్రౌజర్‌లో ఏది తెరిచినా ఎర్ర త్రికోణం, ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తోంది. వైరస్ అనుకుని దాని జోలికి పోలేదు. శుక్రవారం రాత్రి గాలివానకు కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది.

#8 · నెట్‌వర్క్_నాగమణి · ఆదివారం రా. 8:55

దొరికింది. మీ వాట్సాప్‌కు ఏమీ కాలేదు, కంప్యూటర్ గడియారం తొమ్మిదేళ్లో ఎంతో వెనక్కి పోయింది, అంతే.

ఎందుకలా అవుతుందో చెబుతాను. వాట్సాప్ అయినా స్టోర్ అయినా బ్యాంకు సైటయినా, కంప్యూటర్ సర్వర్‌తో మాట కలిపే ముందు సర్వర్ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. సర్టిఫికెట్ అంటాం. దాని మీద రెండు తారీఖులుంటాయి, ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది. కంప్యూటర్ ఆ రెంటినీ తన గడియారంతోనే పోల్చుకుంటుంది, వేరే ఆధారం దానికి లేదు. మీ గడియారం 2017 అంటోంది, పత్రమేమో మొన్న మొన్న పుట్టింది. ‘ఇంకా అమల్లోకి రాని పత్రం’ అని మీ కంప్యూటర్ తలుపు వేసేస్తోంది. బ్రౌజర్‌కు నోరుంది కాబట్టి కారణం చెబుతుంది. మెసేజింగ్ ప్రోగ్రామ్ కారణం చెప్పకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీకు కనిపించే ‘కనెక్టింగ్’ అదే.

ఇదివరకు రెండు మూడేళ్ల పత్రాలుండేవి, గడియారం కొన్ని నెలలు తప్పినా నెట్టుకొచ్చేది. 2020 సెప్టెంబర్ 1 తర్వాత ఇచ్చే పత్రాలకు 398 రోజులు మించి గడువు లేకుండా చేశారు. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే అని నిర్ణయమైంది. కాబట్టి తారీఖు తప్పిన కంప్యూటర్‌కు ఇకముందు ఇంకా తొందరగా తలుపులు మూసుకుంటాయి.

ఫోన్‌కు ఈ బాధ లేదు, అది టైమ్‌ని మొబైల్ నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఆ ఎర్ర హెచ్చరిక మీద ‘అయినా ముందుకు వెళ్లు’ నొక్కి ఎక్కడా పాస్‌వర్డ్ కొట్టొద్దు. తారీఖు తప్పినప్పుడు నిజమైన పత్రానికీ దొంగ పత్రానికీ హెచ్చరిక ఒకేలా కనిపిస్తుంది. రెంటికీ తేడా మీకు తెలియదు.

#9 · వరంగల్_వైరు · ఆదివారం రా. 9:03

అక్కా, గిట్ల చేయుర్రి. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, డేట్ అండ్ టైమ్. అండ్ల ముందుగాల టైమ్ జోన్ చూడుర్రి: యూటీసీ ప్లస్ 5:30, చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ అని ఉండాలె. గది సరిగ్గ ఉన్నదంటే ‘సింక్ నౌ’ ఒత్తుర్రి.

#10 · తణుకు_ఇల్లు · ఆదివారం రా. 9:15

జోన్ సరిగానే ఉంది. ‘సింక్ నౌ’ నొక్కితే విఫలమైంది అంటోంది. ‘సెట్ టైమ్ ఆటోమేటిగ్గా’ ముందు నుంచీ ఆన్‌లోనే ఉంది. మరి అది తనంతట తాను ఎందుకు సరిచేసుకోలేదు?

#11 · నెట్‌వర్క్_నాగమణి · ఆదివారం రా. 9:31

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఇంటి కంప్యూటర్‌లో విండోస్ టైమ్ సర్వీసుకు ఒక గీత గీసి ఉంటుంది: 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. తేడా అంతలోపు ఉంటే సరిచేస్తుంది. అంతకు మించితే ముట్టుకోదు. టైమ్ సర్వర్ చెడినా, మధ్యలో ఎవరైనా దొంగ టైమ్ పంపినా మీ గడియారం ఏళ్లకేళ్లు ఎగిరిపోకూడదని అలా పెట్టారు. మీ తేడా ఏళ్లలో ఉంది, అందుకే చేతులెత్తేసింది.

కాబట్టి ముందు చేత్తో దగ్గరికి తేవాలి. అదే పేజీలో ‘సెట్ టైమ్ ఆటోమేటిగ్గా’ ఆఫ్ చేయండి, కింద ‘ఛేంజ్’ నొక్కి ఫోన్ చూసి తారీఖు, టైమ్ పెట్టండి. ఏడాది కూడా మార్చడం మరవొద్దు. చాలామంది రోజు, నెల మార్చి ఏడాదిని వదిలేస్తారు. ఏఎమ్, పీఎమ్ కూడా చూసుకోండి. తర్వాత ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేసి ‘సింక్ నౌ’ నొక్కండి. ఒకటి రెండు నిమిషాల తేడా ఉన్నా అదే లాక్కుంటుంది.

అప్పటికీ రాకపోతే స్టార్ట్‌లో ‘సీఎండీ’ అని కొట్టి, దాని మీద కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ తీసుకోండి. నల్ల కిటికీలో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్’ కొట్టి ఎంటర్, తర్వాత ‘డబ్ల్యూ32టీఎమ్ /రీసింక్’ కొట్టి ఎంటర్. రెండోదానికి 0x80070426 అని వస్తే సర్వీసు ఇంకా లేవలేదన్నమాట, మొదటి ఆదేశం మళ్లీ ఇవ్వండి. కావాల్సిన మార్పు మరీ పెద్దది అన్న అర్థంలో వస్తే మీరు పెట్టిన తారీఖులోనో ఏడాదిలోనో ఇంకా తప్పుందని లెక్క.

#12 · తణుకు_ఇల్లు · ఆదివారం రా. 9:58

వచ్చేసింది! స్టోర్ తెరుచుకుంది, వాట్సాప్ మళ్లీ వేశాను, ఫోన్‌లో లింక్డ్ డివైజెస్‌కి వెళ్లి స్కాన్ చేశాను. కొత్త మెసేజ్‌లన్నీ దిగుతున్నాయి. నాగమణి గారూ, వరంగల్ తమ్ముడూ, చాలా థాంక్స్.

#13 · పాత_పెంటియం · ఆదివారం రా. 10:06

నాగమణి గారు చెప్పింది సరైన దారి. నేను ఫైర్‌వాల్ ఆపమనడం తొందరపాటు, అలా ఆపి మరిచిపోతే ప్రమాదం. ఇక ఆ 15 గంటల గీత సంగతి. రిజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే చోటు) ‘మ్యాక్స్‌పాస్‌ఫేజ్‌కరెక్షన్’, ‘మ్యాక్స్‌నెగ్‌ఫేజ్‌కరెక్షన్’ అని రెండు విలువలుంటాయి. రెంటినీ ఎనిమిది ఎఫ్‌లు చేస్తే ఎంత తేడా ఉన్నా అదే సరిచేసుకుంటుంది. ఈ బాధ మళ్లీ రాదు.

#14 · నెట్‌వర్క్_నాగమణి · ఆదివారం రా. 10:20

పెంటియం గారూ, విలువల పేర్లు సరిగ్గానే చెప్పారు, కానీ ఇంటి కంప్యూటర్‌లో అలా చేయొద్దని నా గట్టి అభిప్రాయం. మొదటిది, టైమ్ సర్వర్‌తో జరిగే ఆ సంభాషణ యూడీపీ 123 పోర్ట్ మీద తాళం లేకుండా నడుస్తుంది. ఆ గీత తీసేస్తే ఎవరు ఏ తారీఖు పంపినా నమ్మే స్థితికి వస్తుంది. రెండోది, గడియారం ఎందుకు వెనక్కి పోయిందో తెలియకుండానే కప్పిపుచ్చినట్టవుతుంది. 2017 జనవరి 1 అనేది ఊరికే పడిన తారీఖు కాదు. కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు అన్నీ మరిచిపోయి మొదటికి వచ్చిందనడానికి గుర్తు అది. రేపు పొద్దున మళ్లీ వస్తే అసలు కారణం అక్కడే ఉంది.

#15 · తణుకు_ఇల్లు · సోమవారం ఉ. 7:12

మళ్లీ వచ్చింది. 01-01-2017, 12:04 ఏఎమ్. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపాను, ఇప్పుడే వేశాను. ఇంకో మాట, ఆన్ చేయగానే నల్ల తెర మీద ఇంగ్లిష్‌లో ఏదో వచ్చి ‘ఎఫ్1 నొక్కండి’ అని అడుగుతుంది, మేం నొక్కేస్తాం. కొన్ని వారాలుగా అప్పుడప్పుడూ వస్తోంది.

#16 · సాల్డరింగ్_సీను · సోమవారం ఉ. 7:40

ఆ ఎఫ్1 తెర సంగతి మొదటే తెలిస్తే నిన్న రాత్రే తేలిపోయేదండి. ‘సీమాస్ చెక్‌సమ్’ అనో ‘డేట్ అండ్ టైమ్ నాట్ సెట్’ అనో ఉండుంటుంది. మీ మదర్‌బోర్డు మీది బిళ్ల సెల్ అయిపోయింది.

కంప్యూటర్‌లో గడియారం చిప్ ఎప్పుడూ ఆగకూడదు. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, పవర్ సప్లయ్ నుంచి ఊదారంగు వైరులో 5 వోల్టులు బోర్డుకు వస్తూనే ఉంటాయి. గడియారం దాని మీద నడుస్తుంది, సెల్ ఖర్చు కాదు. స్విచ్ ఆపినా, కరెంటు పోయినా భారమంతా సెల్ మీద పడుతుంది. మీ సెల్‌లో ఆ సత్తువ లేదు. అందుకే శుక్రవారం కరెంటు పోగానే పోయింది, రాత్రి స్విచ్ ఆపగానే మళ్లీ పోయింది. తెర మీద 12:04 అంటే అర్థం, గడియారం తిరిగి మొదలై నాలుగు నిమిషాలైందని.

కావాల్సింది సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. షాపులో లేదని సీఆర్2025 ఇస్తే తీసుకోవద్దు. అది 2.5 మిల్లీమీటర్లే, గూట్లో వదులుగా కూర్చుని కదిలినప్పుడల్లా ఊడుతుంది. ఎల్ఐఆర్2032 అని ఉంటే అది ఛార్జింగ్ రకం, 3.6 వోల్టులు, దానికిది చోటు కాదు.

#17 · వరంగల్_వైరు · సోమవారం ఉ. 7:55

సీను అన్నా, గోడ స్విచ్ ఆపకుండ ఉంచితే సెల్ మార్చకున్నా నడుస్తది గదా?

#18 · సాల్డరింగ్_సీను · సోమవారం ఉ. 8:09

నడుస్తుంది తమ్ముడూ, మళ్లీ కరెంటు పోయేదాకా. వాన పడే రాత్రి, ఊరెళ్లేటప్పుడు ప్లగ్ పీకేయడమే మంచిది కదా, మెరుపుకు బోర్డే పోవచ్చు. సెల్ చౌక వస్తువు, మార్చేయడమే న్యాయం. ఇంకో మాట, సెల్ పోతే పోయేది టైమ్ ఒక్కటే కాదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, బోర్డు సొంత ప్రోగ్రామ్) పెట్టుకున్నవన్నీ చాలా బోర్డుల్లో మొదటికి వస్తాయి. ఆ సంగతి కింద రాస్తున్నాను.

#19 · సాల్డరింగ్_సీను · సోమవారం ఉ. 8:48

తణుకు అక్కకూ, ఇకముందు ఇది చదివేవాళ్లకూ. సెల్ మార్చే పద్ధతి.

ముందు బయోస్ చూడాలి. ఆన్ చేయగానే డిలీట్ కీ గబగబా నొక్కుతూ ఉండండి (అసెంబుల్డ్ బోర్డుల్లో ఎక్కువ వాటికి ఇదే, ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎఫ్2). ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా రెండు: సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) దగ్గర ఏహెచ్‌సీఐ ఉందా రెయిడ్ ఉందా, బూట్ (విండోస్‌ని లేపే పద్ధతి) దగ్గర యూఈఎఫ్ఐ ఉందా లెగసీ ఉందా. సెల్ మార్చాక ఈ రెంటిలో ఏది తారుమారైనా విండోస్ లేవదు. నీలం తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తే హార్డ్‌డిస్క్ పోయిందని బెదిరిపోతారు. డిస్క్ పోలేదు, సాటా మోడ్ మారింది, పాతదే పెట్టండి. మీ సెల్ ఇప్పటికే చచ్చి, అయినా విండోస్ లేస్తోంది కాబట్టి మీకు ఈ భయం తక్కువ. సెల్ ఇంకా బతికుండగా ముందుజాగ్రత్తగా మార్చేవాళ్లకు మాత్రం ఫొటోలు తప్పనిసరి.

బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళాలు) ఆన్‌లో ఉన్నవాళ్లు 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాకే పెట్టె విప్పండి. బయోస్ మొదటికి వస్తే ఆ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ప్రయోజనం లేదు.

ఇక పని. షట్‌డౌన్ చేసి గోడ స్విచ్ ఆపి వెనక పవర్ వైరు పీకండి. ముందున్న పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఎడమ పక్క రేకుకు వెనకాల రెండు స్క్రూలుంటాయి, విప్పి రేకును వెనక్కి లాగండి. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. బిళ్ల సెల్ వెండి రంగులో, పావలా కంటే కాస్త పెద్దగా, ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు పెట్టే చోటు పక్కన ఉంటుంది. కార్డు అడ్డం వస్తే ముందు దాన్ని తీయాలి.

మల్టీమీటర్ ఉంటే తీయకముందే చూడండి: డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర మొన సెల్ పైముఖం మీద, నల్ల మొన పెట్టె స్క్రూ మీద. కొత్త సెల్ 3.0 నుంచి 3.3 దాకా చూపుతుంది. 2.8 కంటే తక్కువైతే అనుమానించాలి. 2.5కు దిగితే మార్చేయండి. 2 వోల్టుల దగ్గర చాలా బోర్డుల్లో గడియారం నిలబడదు.

గూటి అంచున చిన్న ఇనుప నాలుక ఉంటుంది. దాన్ని సన్న స్క్రూడ్రైవర్‌తో బయటి వైపు కొద్దిగా తోస్తే సెల్ దానంతట అదే ఒక పక్క లేస్తుంది. సెల్ కిందికి స్క్రూడ్రైవర్ దూర్చి మీటొద్దు. అది జారితే బోర్డు మీద గీతలు తెగుతాయి, అప్పుడు సెల్ ఖర్చు కాదు, బోర్డు ఖర్చు. కొత్తదాన్ని అంచులు పట్టుకుని, ప్లస్ గుర్తు పైకి ఉండేలా వాలుగా దూర్చి టక్కున వినిపించేదాకా నొక్కండి. రెండు ముఖాల మీద వేలు పెట్టి రుద్దకండి, చెమట జిడ్డు అంటుకుంటే పట్టు తగ్గుతుంది.

తర్వాత వైరు పెట్టి ఆన్ చేసి బయోస్‌లోకే నేరుగా వెళ్లండి. తారీఖు, టైమ్ అక్కడే పెట్టి, ఫొటోల్లో ఉన్నట్టు మిగతావి సరిచేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. అప్పుడు విండోస్ మొదటిసారే సరైన టైమ్‌తో లేస్తుంది, 15 గంటల గీత గొడవ ఉండదు.

ల్యాప్‌టాప్ అయితే కొన్నింటిలో సెల్ గూట్లో ఉండదు, నల్ల తొడుగులో వైరుతో సహా బోర్డుకు గుచ్చి ఉంటుంది. అలాంటిదే తెచ్చుకోవాలి. బిళ్ల మీద మీరు వైరు సాల్డర్ చేయొద్దు, వేడికి సెల్ పగలొచ్చు.

#20 · వేదిక_నిర్వాహకురాలు · సోమవారం ఉ. 9:02

సీను గారి పోస్టుకు ఒక్కటి చేరుస్తున్నాను, దయచేసి ఎవరూ దాటేయొద్దు. పాత సెల్, కొత్త సెల్, రెండూ పసిపిల్లలకు అందకూడదు. 20 మిల్లీమీటర్ల బిళ్ల చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. చార్జ్ అయిపోయిందనుకున్న సెల్ కూడా ఆ పని చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, ఇంట్లో వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

#21 · అక్షరాల_అప్పారావు · సోమవారం ఉ. 10:30

నాలుగో పోస్టులోని ఫార్వర్డ్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం, ఇది ఏళ్ల తరబడి తిరుగుతోంది. 2018 ఫిబ్రవరిలో జరిగింది నిజమే. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ‘జ్ఞ’ గుణింతంలోని ఒక రూపం మెసేజ్‌లో వస్తే అక్షరాన్ని గీసే చోట తప్పు జరిగి యాప్ కూలిపోయేది. అదే తప్పు మ్యాక్‌లోనూ ఉండేది. ఆ రూపం మనం రోజూ రాసే ‘జ్ఞా’ కూడా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు, ఆపైన ఆ కారం దీర్ఘం, ఈ వరుసలో వస్తేనే. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు, మ్యాక్‌కూ సవరణ ఇచ్చారు. విండోస్‌కు దానితో సంబంధం లేదు. తప్పు అక్షరానిది కాదు, అక్షరాన్ని గీసే ప్రోగ్రామ్‌ది. జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞ అన్నీ నిశ్చింతగా రాయండి. ఆ ఫార్వర్డ్‌ని మాత్రం ఇక పంపకండి.

#22 · కాఫీ_కప్పు · సోమవారం ఉ. 10:41

తెలియక రాశాను అప్పారావు గారూ. గ్రూపులో మీ వివరణే పెడతాను.

#23 · డాలస్_నుంచి · సోమవారం మ. 12:15

ఇలాంటిదే ఇంకొకటి, కానీ తారీఖు తప్పలేదు. అమెరికా నుంచి తెచ్చిన డెస్క్‌టాప్ ఇప్పుడు గుంటూరులో ఉంది. మూలన టైమ్ గోడ గడియారంతో సరిగ్గా సరిపోతోంది. అయినా వాట్సాప్‌లో ఇప్పుడే వచ్చిన మెసేజ్ పక్కన నిన్న రాత్రి టైమ్ పడుతోంది. పొద్దున 9 గంటలకు వచ్చినదానికి రాత్రి 9:30 చూపిస్తోంది. సెల్ బాగుంది, ఎఫ్1 అడగదు.

#24 · నెట్‌వర్క్_నాగమణి · సోమవారం మ. 12:40

తేడా సరిగ్గా పదకొండున్నర గంటలు. ఆ అంకే జబ్బు పేరు చెబుతోంది. టైమ్ జోన్ ఇంకా అమెరికా సెంట్రల్‌లోనే ఉంది, గడియారాన్ని మాత్రం ఎవరో చేత్తో తిప్పి ఇండియా టైమ్‌కు పెట్టారు.

కంప్యూటర్ లోపల లెక్కంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో నడుస్తుంది. తెర మీద 9:00, జోన్ యూటీసీ మైనస్ 6 అయితే, లోపల మధ్యాహ్నం 3:00 యూటీసీ అనుకుంటుంది. నిజానికి అప్పుడు యూటీసీ తెల్లవారుజాము 3:30. మెసేజ్ సర్వర్ ముద్రతో 3:30 అని వస్తుంది, మీ కంప్యూటర్ దాన్నుంచి ఆరు గంటలు తీసేసి ముందు రోజు రాత్రి 9:30 అని చూపిస్తుంది. ఎండాకాలంలో అక్కడి డేలైట్ టైమ్ నడిచేటప్పుడైతే తేడా పదిన్నర ఉంటుంది.

జోన్ యూటీసీ ప్లస్ 5:30కి మార్చండి. మార్చగానే తెర మీద టైమ్ పదకొండున్నర గంటలు ముందుకు దూకుతుంది, కంగారు పడొద్దు. ‘సింక్ నౌ’ నొక్కితే సర్దుకుంటుంది, తేడా 15 గంటల లోపే కదా. ‘సెట్ టైమ్ జోన్ ఆటోమేటిగ్గా’ ఆఫ్‌లో పెట్టండి. వీపీఎన్ వాడే ఇళ్లలో అది ఒక్కోసారి తప్పు దేశాన్ని ఎంచుకుంటుంది.

అన్నట్టు, తేడా ఎంతో చూస్తే సగం పని అయిపోతుంది. ఏళ్లలో ఉంటే బిళ్ల సెల్. తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటల మధ్య అరగంటతో ఆగితే అమెరికా జోన్. రెండు మూడు నిమిషాలైతే టైమ్ సర్వీసు ఆగిపోయి చాన్నాళ్లయింది. సరిగ్గా అయిదున్నర గంటలైతే ఇంకో కథ.

#25 · పాత_పెంటియం · సోమవారం మ. 1:05

అయిదున్నర సంగతి నేను చెబుతాను. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్నవాళ్లకు వస్తుంది. బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక టైమ్ అని చదువుతుంది. లినక్స్ వాడి విండోస్‌కు వస్తే 5:30 వెనక, విండోస్ వాడి లినక్స్‌కు వస్తే 5:30 ముందు. ఎంతసేపు సరిచేసినా మళ్లీ వస్తుంటే సెల్ మార్చి డబ్బు తగలేయకండి. లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని ఒక్క ఆదేశం ఇస్తే అది కూడా స్థానిక టైమే రాస్తుంది. లేదా విండోస్ రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కింద ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అని డీవర్డ్ చేసి విలువ 1 ఇవ్వాలి. ఏదో ఒక్కటే చేయండి. రెండూ చేస్తే తేడా అలాగే ఉంటుంది, దిశ మారుతుంది.

#26 · డాలస్_నుంచి · సోమవారం మ. 1:30

జోన్ మార్చాక సరిపోయింది. పాత మెసేజ్‌ల టైమ్ కూడా వాటంతట అవే సరిగ్గా మారాయి.

#27 · తణుకు_ఇల్లు · మంగళవారం సా. 5:50

సెల్ మార్చాం. పాతది మీటర్ మీద 1.74 చూపించింది. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి తేలిగ్గానే దొరికింది. బయోస్‌లో సాటా ఏహెచ్‌సీఐ అనే ఉంది, టైమ్ అక్కడే పెట్టాను. ఎఫ్1 తెర రాలేదు. ఇంతకీ ఈ సెల్ ఎన్నాళ్లొస్తుంది? సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

#28 · సాల్డరింగ్_సీను · మంగళవారం సా. 6:15

1.74 అంటే పూర్తిగా అయిపోయినట్టే. కొత్తదాంట్లో సుమారు 220 మిల్లీయాంప్ అవర్లుంటాయి. గడియారం చిప్ 5 మైక్రోయాంపులు తాగుతుందనుకుంటే 44,000 గంటలు, అంటే గోడ స్విచ్ ఎప్పుడూ వేయకుండా అటక మీద పడేసినా అయిదేళ్లు. మీలా రోజూ వాడే ఇంట్లో ఇంకా ఎక్కువే రావాలి. ఏడాదికే మళ్లీ అయిపోతే సెల్ నాసిరకమో, బోర్డులో ఎక్కడో లీకేజీయో.

పరీక్ష తేలిక. ఈ రాత్రి పవర్ వైరు పూర్తిగా పీకేయండి. పొద్దున పెట్టి, నెట్ కేబుల్ లేకుండా, వైఫై ఆపి ఆన్ చేసి టైమ్ చూడండి. నెట్ ఉంటే విండోస్ సరిదిద్దేసి మనల్ని మభ్యపెట్టొచ్చు. తర్వాత నెట్ పెట్టి ఎంత తేడా ఉందో కొలవండి.

#29 · నెట్‌వర్క్_నాగమణి · మంగళవారం సా. 6:32

కొలవడానికి ఆదేశం: ‘డబ్ల్యూ32టీఎమ్ /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:టైమ్.విండోస్.కామ్ /శాంపిల్స్:5 /డేటాఓన్లీ’. అయిదు వరసలు వస్తాయి, ప్రతి వరసలో ప్లస్ గానీ మైనస్ గానీ సెకన్లలో తేడా. ఇది కొలుస్తుందే గానీ ఏదీ మార్చదు. వరసల బదులు ఎర్రర్ వస్తే మీ రూటరో నెట్ కంపెనీయో 123 పోర్ట్ ఆపుతున్నట్టు, లేదా ఆ సర్వర్ దొరకనట్టు. అప్పుడు ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ల ‘టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్’ పెట్టి చూడండి. భారత ప్రామాణిక సమయాన్ని నిలబెట్టేది వాళ్లే.

#30 · తణుకు_ఇల్లు · బుధవారం ఉ. 7:25

రాత్రంతా వైరు పీకి ఉంచాను. నెట్ లేకుండా ఆన్ చేస్తే తారీఖు ఈరోజుదే, టైమ్ ఫోన్‌తో సరిపోయింది. నెట్ పెట్టి కొలిస్తే అయిదు వరసల్లోనూ ప్లస్ 0.6 సెకన్ల దగ్గర ఉంది. వాట్సాప్ తెరవగానే కనెక్ట్ అయింది, ఆగిపోయిన ఫైళ్లన్నీ స్కూల్‌కు వెళ్లిపోయాయి. పాత సెల్‌ని చెత్తబుట్టలో వేయొచ్చా?

#31 · సాల్డరింగ్_సీను · బుధవారం ఉ. 7:50

బుట్టలో వద్దక్కా. రెండు ముఖాలూ కప్పేలా సెల్లో టేప్ చుట్టండి, వేరే ఇనుముకు తగిలి వేడెక్కకుండా ఉంటుంది. పైన ఎక్కడో డబ్బాలో పెట్టి, పాత ఛార్జర్లు, ఫోన్ బ్యాటరీలతో పాటు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. కొత్త సెల్ వేసిన తారీఖు పెట్టె లోపలి రేకు మీద మార్కర్‌తో రాసి మూయండి.